తుడిచినా పోని బొట్టు

“ఇది ఫొటో కాదు మేడమ్. ఫొటోకి తీసిన ఫొటో,” అంటూ శ్యామ్‌సుందర్ ఆ కాగితాన్ని బల్లమీద పరిచాడు. పేకాటలో జోకరు తగిలినవాడి మొహం ఎలా ఉంటుందో అతని మొహం అలా ఉంది.

విమలకుమారి తొందరపడలేదు. చేతిసంచిలోంచి భూతద్దం తీసి, చీర కొంగుతో తుడిచింది. ఒంగోలులో నర్సు ట్రైనింగు అయ్యాక అమెరికా వచ్చి, కొన్నేళ్ళు ఆసుపత్రి డ్యూటీలు చేసి, ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలో దర్యాప్తు ఉద్యోగానికి మారిన మనిషి ఆమె. రోగి చెప్పేది చెవితో వినాలి, చెప్పనిది కంటితో పట్టుకోవాలి అని మేట్రన్ నేర్పిన పాఠమే ఇప్పటికీ ఆమె పెట్టుబడి.

బల్లమీద మొత్తం ఏడు ఫొటోలున్నాయి. మనిషి ఇంకా చంద్రుడి మీద కాలు పెట్టని రోజుల్లో, ముందు నువ్వు దిగి నేల గట్టిదో గుల్లదో చెప్పు అని ఒక మూడుకాళ్ళ నౌకని పంపారు. దాని పేరు సర్వేయర్. అది ఎగరకముందు, 1966లో, పరీక్షల షెడ్డులో నిలబెట్టి తీసిన ఫొటోలివి. తీసినవాడు ఎడ్ కోవాచ్ అనే ఫొటోగ్రాఫరు. ఇవి పత్రికల్లో అచ్చయినప్పుడల్లా కింద సంస్థ పేరే పడింది తప్ప ఆయన పేరు ఒక్కసారీ పడలేదు. ఆయన స్వయంగా కడిగి ఇచ్చిన ప్రింట్లు పదిహేడేళ్ళుగా రాధారాణి అనే తెలుగావిడ ఇంటి గోడమీద ఉన్నాయి. వాటిని పాసడీనాలోని ఈ చిన్న మ్యూజియంకి ఊరికే ఇచ్చేస్తానంది ఆవిడ. ఒకటే షరతు. గోడమీద కోవాచ్ పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. శనివారం ప్రదర్శన. ఆయన్ని చక్రాలకుర్చీలో తీసుకొచ్చి ఆ పేరు చూపించాలని ఆవిడ ఆశ. ఆయన గుండె మరో చలికాలం దాటదని డాక్టర్లు చెప్పేశారు.

ఇవాళ గురువారం. పొద్దున ఫ్రేములు విప్పి చూస్తే ఏడూ నకళ్ళని తేలింది.

“కాగితం ముట్టుకోండి,” అన్నాడు శ్యామ్‌సుందర్. మ్యూజియం తరఫున దర్యాప్తు చేస్తున్నది అతనే. వరంగల్ మనిషి, కోటు జేబులో బంగారు క్యాప్ పెన్ను, మాటలో ఎప్పుడూ కాస్త కారం. “ప్లాస్టిక్ పూత ఉన్నది చూడండి. ఈ రకం పేపర్ బజార్లకు వచ్చిందే డెబ్బైలల్ల. అరవై ఆరుల ఫొటో దీనిమీదకు ఎట్ల ఎక్కింది?”

“తీసుకొచ్చేటప్పుడు ట్రక్కులో మారిపోయి ఉండొచ్చుగా?”

“అయితే మీ ఇన్సూరెన్స్ కంపెనీ జవాబు చెప్పాలె. కానీ మీకంత కష్టం లేదు. ఫ్రేము వెనక అట్టకు సాలెపురుగు గూడు కట్టుకొని, అది ఎండి, దుమ్ము కూడా పట్టింది. ఇది నిన్న మొన్న మార్చిన సరుకు కాదు. ఆ ఇంట్లకెంచి వచ్చేటప్పుడే ఇవి ఫేక్. అసలువి ఎవరికో అమ్ముకొని, నకిలీవి దానం చేసి పేరు కొట్టేద్దామని చూసింది ఆమె.”

అతని మాటలో సగం నిజం. విమలకుమారికి మంటెత్తించింది ఆ సగమే.

“నాలుగింటికి నా రిపోర్ట్ ఫైల్ చేస్తున్న. ఒక కాపీ పోలీసులకు,” అని అతను పెన్ను తిప్పాడు. “మీకు కష్టంగనే ఉంటది. ఆ ఇంటి అన్నం తిన్నరు కద.”

“తిన్నాను. ఈ దేశంలో దిగిన మొదటి నెల ఆ తల్లి పెట్టకపోతే పస్తులుండేదాన్ని. ఆ సంగతి కేసు తీసుకునేముందే మా బాసుకి చెప్పాను. తిన్న అన్నం నా కళ్ళకి గంతలు కట్టదు లెండి,” అంటూ విమలకుమారి మొదటి ఫొటో మీదకి వంగింది.

నౌక మూడు కాళ్ళమీద నిలబడి ఉంది. మధ్యలో స్తంభం, స్తంభం నెత్తిన వెడల్పాటి పలక. కింద ఒక కాలి అడుగున గుండ్రటి పాదం, ఆ పాదాన్ని పట్టుకుని ఎవరిదో నల్లటి చెయ్యి, తెల్లకోటు మణికట్టు. మనిషి మొహం ఫొటోలో పడలేదు. అంతా పలచగా, కాస్త మెత్తగా ఉంది. పలక మధ్యలో మాత్రం ఒక గుండ్రటి బూడిదరంగు చుక్క.

“ఇదేమిటి?”

“ఫిల్ము మీద దుమ్ము.”

“దుమ్ముకి నీడ ఎందుకు పడుతుంది శ్యామ్‌సుందర్ గారూ?”

అతను భూతద్దం లాక్కున్నాడు. చుక్కకి అటు ఒకటి, ఇటు ఒకటి రెండు పలచని నీడలున్నాయి, చవితి చంద్రుడి అంచుల్లా.

“కాగితం మీది మరకకి నీడ ఉండదు. నౌక మీద ఉన్న మచ్చ అయితే షెడ్డులో దీపాల నీడలు ఎటు పడ్డాయో అటే పడాలి. ఈ చుక్క కాగితానికి కాస్త ఎత్తులో ఉంది. అంటే అద్దం మీద ఉంది. నకలు తీసినవాడు ఫొటో మీద అద్దం పెట్టి, రెండు పక్కలా రెండు దీపాలు పెట్టి తీశాడు,” అంది విమలకుమారి. ఆమె గొంతు ఉన్నట్టుండి తగ్గింది. “మీకు అది ఏమిటో నిజంగా తెలియలేదా?”

“మీరే చెప్పండి.”

“నాలుగింటిదాకా టైముంది. నాతో రండి. ఆ ఫొటో కూడా తీసుకురండి.”

“తెస్త. మిమ్మల్నొక్కరినే పంపి, సాక్ష్యం పోగొట్టుకోను,” అంటూ అతను ఫొటోని దాని ఫ్రేములోనే మళ్ళీ బిగించి చంకన పెట్టుకున్నాడు.

*

రాధారాణి తలుపు తీసేసరికి ఇల్లంతా పోపు వాసన. పక్కింట్లో శవం ఉన్నా వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వందే మాట మొదలుపెట్టని రకం ఆవిడ. శ్యామ్‌సుందర్ వద్దన్నా వినలేదు. తనని జైల్లో పెట్టించడానికి వచ్చినవాడి కప్పులో మరో చెంచా పంచదార వేసింది.

గదిలో పొడుగుగోడ మీద ఏడు మేకులు బోసిగా ఉన్నాయి.

“అక్కా, వరసగా అడుగుతాను. నొచ్చుకోకు,” అంది విమలకుమారి. “ఈ ఫొటోలు నీ దగ్గరికి ఎలా వచ్చాయి? ఈయనకి తెలియదు, ఈయన కోసం చెప్పు.”

“కోవాచ్ గారు ఇచ్చారు,” అంది రాధారాణి. “మేం అరవై నాలుగులో వచ్చాం బాబూ. మా రంగు చూసి ఇల్లు ఖాళీ లేదనేవారు అందరూ. ‘అద్దెకివ్వబడును’ అని బోర్డు వేలాడుతూనే ఉండేది, ఖాళీ మాత్రం లేదు. మా ఆయన ఆఫీసులో ఫొటోలు తీసే కోవాచ్ గారు ఒకరోజు వచ్చి, మా మేడమీద గది ఉంది, దింపండి సామాను అన్నారు. రెండేళ్ళు ఉన్నాం. నాకు కడుపు పోయి ప్రాణం మీదకొస్తే, మంచులాంటి వానలో నన్ను కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయనే. నా తోబుట్టువు కూడా అంత చెయ్యడు. ఆ రుణం తీరేది కాదు, తీర్చాలని కూడా లేదు. తల్చుకుంటూ ఉంటే చాలు.”

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, నవ్వింది.

“మా ఆయన పని ఆ నౌక కాలికింద పాదం. అది చంద్రుడి మీద పడ్డప్పుడు నలిగి, దెబ్బంతా తను తినాలట. నౌక భద్రంగా దిగిన రోజున కోవాచ్ గారు ఈ ఏడు ఫొటోలూ ప్రత్యేకంగా కడిగి తెచ్చి, ‘రాధా, ఇవి నీకు’ అన్నారు. మా ఆయనకి కాదు, నాకు. అందులో మొదటిదాంట్లో కనపడే చెయ్యి మా ఆయనదే.”

“ఆ మొదటి ఫొటోకి నువ్వు దసరాకి బొట్టు పెట్టేదానివి కదక్కా?”

కాఫీ కప్పు శ్యామ్‌సుందర్ పెదవుల దగ్గరే ఆగిపోయింది.

“పెట్టకుండా ఎలా ఉంటానమ్మా?” అంది రాధారాణి, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. “ఆయుధపూజకి మీ బావగారి కారుకీ, నా మిక్సీకీ, కుట్టుమిషన్‌కీ పెట్టి, ఇంటికి అన్నం పెట్టిన నౌకకి పెట్టనా? ఫ్రేముకి నాలుగు మూలలా పసుపు, అద్దం మీద నౌకకి నుదురున్న చోట కుంకుమ. తర్వాతొచ్చే శుక్రవారం తుడిచేసేదాన్ని.”

శ్యామ్‌సుందర్ ఒళ్ళోని ఫ్రేము వైపు చూసుకున్నాడు. బూడిదరంగు చుక్క అతని వైపు చూస్తోంది.

“మా ఇంట్ల కూడా పెడ్తరు,” అన్నాడు మెల్లగా. “మా నాయన లూనా బండికి నేనే పెట్టేది. నాకెందుకు తట్టలే?”

“పెట్టేవాళ్ళకి తట్టదు. మాది చర్చి కుటుంబం. చిన్నప్పుడు పక్కింటి కుట్టుమిషన్‌కి బొట్టు పెడితే మనదానికి ఎందుకు పెట్టరని మా అమ్మ దగ్గర ఏడ్చి తన్నులు తిన్నదాన్ని. నాకు మిషన్ నుదురు ఎక్కడుంటుందో బాగా గుర్తు,” అంది విమలకుమారి. “అక్కా, మొన్న దసరాకీ పెట్టావా?”

“లేదమ్మా.” రాధారాణి ఖాళీ మేకుల వైపు చూసింది. “నిరుడు వేసవిలో ఆయన పోయారు కదా. పెట్టబుద్ధి కాలేదు.”

“ఎప్పుడైనా ఆ బొట్టు తుడిచినా పోకుండా ఉండిపోయిందా?”

రాధారాణి ఉలిక్కిపడింది. “నీకెవరు చెప్పారే? ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. పిచ్చిదనుకుంటారని. మూడేళ్ళ కిందట దసరాకి పెట్టిన బొట్టు పోలేదమ్మా. ఎరుపు పోయింది గానీ దాని నీడలా ఒకటి ఉండిపోయింది. తడిగుడ్డ పెట్టి రుద్దాను, సబ్బు పెట్టి రుద్దాను. అద్దం లోపల బూజు పట్టిందేమో అనుకున్నా. మీ బావగారిని ఫ్రేము విప్పమంటే, ‘ఉండనీవే, అందంగానే ఉందిగా’ అన్నారు. మరుసటేడు దాని మీదే పెట్టాను.”

విమలకుమారికి కావాల్సిన జవాబు దొరికింది, కానీ ఆ జవాబు వేలు పెట్టి చూపించే మనిషి మాత్రం ఆమె కోరుకున్నవాడు కాదు.

“ఆ దసరా రోజుల్లో ఫ్రేములు ఇల్లు దాటాయా?”

“లేదు. గోడ మాత్రం దిగాయి. ఆయనకి ఉన్నట్టుండి గోడకి రంగు వెయ్యాలని బుద్ధి పుట్టింది. కాపురానికొచ్చాక ఆయన బ్రష్షు పట్టుకోవడం అదే మొదలు, అదే చివర. చూడు, కిటికీ పక్కన ఇంకా చారలున్నాయి. ఫ్రేములన్నీ తీసి గరాజులో పెట్టుకున్నారు. నేను పొద్దస్తమానం ఆసుపత్రిలో ఉండేదాన్ని, అన్నం కేరేజీ పట్టుకుని.”

“ఆసుపత్రిలో ఎవరు?”

“కోవాచ్ గారు. ఆ నవరాత్రుల్లోనే కదా కొండల్లో మంటలొచ్చి ఆయన ఇల్లు కాలిపోయింది. పొగ మింగి, చావు తప్పి బయటపడ్డారు పాపం.”

“పదండి గరాజుకు,” అన్నాడు శ్యామ్‌సుందర్, కప్పు కింద పెట్టి. అతని గొంతులో ఇందాకటి ఉత్సాహం తిరిగి వచ్చింది.

*

గరాజులో రాధారాణి భర్త దామోదర్ సామాను ఆయన వదిలినట్టే ఉంది. ఏ స్క్రూ డ్రైవరు చోట ఏది ఉండాలో గోడమీద బొమ్మ గీసుకున్న మనిషి ఆయన. మూలన నల్లగుడ్డ కప్పిన బల్ల. విమలకుమారి గుడ్డ తీసింది. ఫొటోలు పెద్దవి చేసే యంత్రం, మందులు పోసే పళ్ళేలు, పైన అరలో పసుపుపచ్చ పెట్టె. శ్యామ్‌సుందర్ చప్పున పెట్టె దింపి మూత తీశాడు. లోపల నల్ల కవరులో వాడకుండా మిగిలిన కాగితాలు. ఒకటి తీసి వేలితో రుద్ది, చంకలోని ఫొటో అంచుని రుద్దాడు.

“అదే పేపర్.”

విమలకుమారి బల్లకింద ఆనించి ఉన్న చెక్కపలకని బయటికి లాగింది. పలక మధ్యలో పెన్సిలుతో గీసిన చతురస్రం. అటూ ఇటూ సమానదూరంలో రెండు బిగింపుల గుర్తులు, చెక్క కాస్త మాడిన జాడ. దీపాల వేడి. ఆమె ఆ చతురస్రం మీద ఫ్రేములోని అద్దం కొలత పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది.

“పాతకాలం ఫొటో కాగితం ఫ్రేములోంచి తీస్తే చుట్టుకుపోతుంది. అది లేవకుండా దాని అద్దమే దానిమీద బరువుగా పెట్టారు,” అంది.

“అంటే మీ బావగారే దొంగ,” అన్నాడు శ్యామ్‌సుందర్. “మీరే నిరూపించిన్రు, థ్యాంక్యూ. పెళ్ళాం ఆసుపత్రిల ఉన్నప్పుడు నకళ్ళు తీసిండు, గోడకు రంగు అని డ్రామా వేసిండు, అసలువి మాయం చేసిండు. ఆమె మీద కేసు లేదు, సంతోషమే. రిపోర్ట్‌ల ఆయన పేరు రాస్త.”

వెనకాల చప్పుడైంది. రాధారాణి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఏదో పళ్ళెం ఉంది, అది పక్కకి ఒరిగిపోతున్నా ఆవిడకి తెలియడం లేదు.

“చచ్చిపోయినాయన మీద వెయ్యకండి బాబూ,” అంది. “నా మీదే వేసుకోండి. నేనే అమ్మానని రాసుకోండి. సంతకం పెడతాను.”

“అక్కా, నువ్వు ఆగు!” విమలకుమారి వెళ్ళి ఆ పళ్ళెం అందుకుంది. తర్వాత శ్యామ్‌సుందర్ వైపు తిరిగింది. ఆమెకి కోపం వచ్చినప్పుడు గొంతు పెరగదు, ఒంగోలు యాస పెరుగుతుంది. “ఇదిగో శ్యామ్‌సుందరూ, ఇంతసేపు ‘గారూ’ అన్నా, ఇప్పుడు అననులే. ఒక్క సంగతి చెప్పు. ఫ్రేము విప్పాడు. ఫొటో తీశాడు. అద్దం చేతిలోకి తీసుకున్నాడు. దానిమీద ఎర్రగా బొట్టుంది. మంచి నకలు కావాలనుకునేవాడు ముందు ఏం చేస్తాడు?”

“తుడుస్తడు.”

“కొనేవాళ్ళని మోసం చెయ్యాలనుకునేవాడైతే?”

“ఇంకా బాగ తుడుస్తడు.”

“మరి ఈ మనిషి, స్క్రూ డ్రైవరుకి కూడా గోడమీద బొమ్మ గీసుకునే మనిషి, ఎందుకు తుడవలేదు?”

శ్యామ్‌సుందర్ మళ్ళీ ఆ చుక్క వైపు చూశాడు.

“పెళ్ళాం పెట్టిన బొట్టు. తుడవడానికి చెయ్యి రాలేదు,” అంది విమలకుమారి. “నకలు చెడిపోయినా సరేననుకున్నాడు. అట్టాంటివాడు పెళ్ళానికి ఇచ్చిన బహుమతి తీసుకెళ్ళి సంతలో పెడతాడా? అమ్మేవాడైతే ఏడిట్నీ ఇంత జాగ్రత్తగా మళ్ళీ చేసి గోడకి తగిలిస్తాడా? గోడ బోసిపోతే ఆవిడ ఏడుస్తుందని చేశాడు. ఆయన అమ్మలేదు. ఇచ్చాడు.”

“ఎవరికి?”

“ఆ వారంలో ఫొటోలన్నీ పోగొట్టుకున్నవాడు ఎవరో ఇందాకే అక్క చెప్పింది. నువ్వు కాఫీ కప్పు దించి లేచొచ్చేశావు.”

రాధారాణి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“గంటే టైముంది,” అన్నాడు శ్యామ్‌సుందర్, వాచీ చూసుకుని. అయినా కారు తాళాలు తీసింది ముందు అతనే.

*

ఎడ్ కోవాచ్ వృద్ధాశ్రమంలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. మోకాళ్ళ మీద దుప్పటి. రాధారాణిని చూడగానే మొహం విప్పారింది. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే అయినా రాధ పేరు మాత్రం ఆవిడ సొంతూరు ఏలూరు వాళ్ళు పిలిచినట్టు పిలుస్తాడు.

“రాధా! ఇవాళ ఆదివారం కాదే. పులిహోర తెచ్చావా?”

రాధారాణి తల అడ్డంగా ఊపింది. విమలకుమారి ఆయన ముందు స్టూలు లాక్కుని, నర్సు కూర్చున్నట్టు మోకాలికి మోకాలు దగ్గరగా కూర్చుంది. శ్యామ్‌సుందర్ ఫ్రేము తెచ్చి ఆయన ఒడిలో పెట్టాడు.

“ఇది మీరు తీసిన ఫొటోనేనా సార్?”

కోవాచ్ కళ్ళజోడు సర్దుకుని ఒక్క చూపు చూశాడు. తర్వాత రాధారాణి వైపు చూశాడు. ఆ చూపులో భయం కనిపించింది విమలకుమారికి. దొంగ భయం కాదది, పిల్లల దగ్గర దాచిన కబురు బయటపడ్డప్పుడు పెద్దవాళ్ళకి కలిగే భయం.

“నాదే,” అన్నాడు.

“అబద్ధం చెప్పడం మీకు చేతకాదు,” అంది విమలకుమారి మెల్లగా. “మీరు ఇప్పుడు దాస్తే శనివారం ఈమెకి మిమ్మల్ని సన్మానించడం కుదరదు. పైగా దామోదర్ గారిని దొంగని రాస్తారు. ఎవరినీ నొప్పించకూడదని దాచారు. ఆ కాలం అయిపోయింది సార్, చెప్పండి.”

ముసలాయన మంచం పక్కనున్న బల్ల వైపు వేలు చూపించాడు.

“సొరుగు,” అన్నాడు. “స్వెటర్ల కింద.”

శ్యామ్‌సుందర్ సొరుగు లాగాడు. స్వెటర్ల కింద అట్టల మధ్య ఏడు ఫొటోలు. మందమైన పాత కాగితం, అంచులు కాస్త లోపలికి వంగి, నలుపు నల్లగా, తెలుపు పాలలా. వెనక పెన్సిలుతో కోవాచ్ చేతిరాత, తేదీ. శ్యామ్‌సుందర్ మొదటిదాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. దామోదర్ చెయ్యి, నౌక పాదం స్పష్టంగా ఉన్నాయి. పలక మీద చుక్క లేదు. కానీ తెల్లటి అంచుకి నాలుగు మూలలా పచ్చటి మరక, ఎన్నో ఏళ్ళు కొంచెం కొంచెంగా ఫ్రేము సందులోంచి దిగింది.

“పసుపు,” అన్నాడు శ్యామ్‌సుందర్. ఈసారి అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

“నా ఇల్లు కాలినప్పుడు నెగటివ్‌లు, ప్రింట్లు అన్నీ పోయాయి,” అన్నాడు కోవాచ్. “నలభై ఏళ్ళ పని. ఆసుపత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాణ్ణి. మన దామోదర్, నాకు డామీ, ఇవి తెచ్చాడు. ‘ఎడ్, ఆఫీసు స్టోరు ఖాళీ చేస్తుంటే నీ రెండో సెట్ దొరికింది, అదృష్టం’ అన్నాడు. అతను అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కటే. చెవులు ఎర్రబడ్డాయి. నేను ఇచ్చిన బహుమతి తిరిగి ఇస్తున్నానని అతనంటే నేను పుచ్చుకోనని అతనికి తెలుసు.”

“మీకు అప్పుడే తెలిసిందా?” అంది విమలకుమారి.

“మూలలు చూడగానే. ఏ ఆఫీసు స్టోరులో పసుపు ఉంటుంది? వాసన చూశాను. రాధ వంటింటి వాసన.” ఆయన గొట్టం సర్దుకున్నాడు. “నాకు తెలుసని చెబితే అతని సంతోషం పోతుంది. అందుకని నమ్మినట్టు ఉండిపోయాను. అతని గోడమీద ఏముందో కూడా ఊహించాను. తర్వాత అతను పోయాడు. ప్రతి ఆదివారం రాధ వచ్చి, ‘మీ ఫొటోలు మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి’ అనేది. నేను థ్యాంక్స్ చెప్పేవాణ్ణి. ఇంకేం చెప్పను?”

రాధారాణి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ ఆపుకున్న కన్నీళ్ళు ఇప్పుడు వచ్చాయి. దుఃఖం కన్నా ఎక్కువైనదేదో ఉంది వాటిలో. “నాకు చెప్పి ఉంటే నేనే నా చేత్తో తెచ్చి ఇచ్చేదాన్ని కదండీ,” అంది, ఎదురుగా లేని మనిషితో.

“నువ్వు దాచలేవక్కా. పులిహోరతో పాటు ఆ సంగతీ వడ్డించేసేదానివి. బావగారికి నీ సంగతి తెలుసు,” అంది విమలకుమారి. లోపల మాత్రం ప్రభువుకి దణ్ణం పెట్టుకుంది. ఇలాంటివాళ్ళ ఇంట్లో తన మొదటి ముద్ద పడినందుకు.

శ్యామ్‌సుందర్ నడవాలోకి వెళ్ళి మ్యూజియంకి ఫోన్ చేశాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాటలన్నీ వినబడ్డాయి. “ఎస్, ఒరిజినల్స్ దొరికినై. ఏడూ. నేనే పట్టుకున్న... లేదు, కేసు ఏం లేదు. శనివారం గోడమీద పేరు పెద్దక్షరాలల్ల ఉండాలె, ఎడ్ కోవాచ్ అని. స్పెల్లింగ్ నేనొచ్చి చూసుకుంట.” నేనే పట్టుకున్న అన్న మాట దగ్గర విమలకుమారి కనుబొమలు ఎగిరాయి గానీ ఏమీ అనలేదు. ఆ పేరు గోడకెక్కితే చాలు, పట్టింది ఎవరైతేనేం.

అతను తిరిగి వచ్చి, కోవాచ్ ఒడిలో ఉన్న ఫ్రేము వైపు చెయ్యి చాపాడు. “ఈ నకిలీలు ఇంక పనికిరావు. మ్యూజియం రూల్ ప్రకారం చింపెయ్యాలె.”

కోవాచ్ ఫ్రేము వదల్లేదు. వేలితో పలక మీది చుక్కని చూపించాడు.

“నకిలీ అంటావేమిటయ్యా? నా ఫొటోలో మనిషి చెయ్యి ఒక్కటే పడింది. ఇందులో వాళ్ళ ఇల్లంతా పడింది,” అన్నాడు. “ఇది నేను తీసింది కాదు. డామీ తీసిన ఫొటో. శనివారం నా పేరు పెట్టే గోడమీద దీనికీ ఒక మేకు కొట్టండి. కింద అతని పేరు రాయండి.”

శ్యామ్‌సుందర్ చంద్రనౌక ఫొటోని రెండు చేతులా అందుకుని, జేబురుమాలు తీసి అద్దం తుడవబోయాడు. బొట్టున్న చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. రుమాలు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.